ఇటాలియన్ ఇంటిపేరు గుట్టు తెలుసుకోవడం ఎలా?

ఏదైనా ఇటాలియన్ ఇంటిపేరు గూగుల్‌లో కొట్టి చూడండి. మొదటి పేజీలోనే ఒక డాలు, దాని మీద వెనక కాళ్ళ మీద లేచిన సింహం, కింద "ప్రాచీన ఉన్నత వంశం" అన్న ముక్క, ఆ కింద ఇదే బొమ్మ కాఫీ కప్పు మీద వేసి ఇంటికి పంపుతామన్న ప్రకటన కనిపిస్తాయి. ఆ ట్యాబ్ మూసేయండి. ఆ డాలు ఎప్పుడో ఏదో ఊళ్ళో ఆ ఇంటిపేరున్న ఒక్క కుటుంబానిది అయ్యుంటే అయ్యుండొచ్చు గానీ, ఇంటిపేరు మొత్తానికంతా కలిపి ఒక డాలు అనేది ఉండదు. పైగా 1948లో రాజ్యాంగం అమల్లోకి వచ్చాక ఇటలీలో జమీందారీ బిరుదులకు చట్టం దగ్గర విలువే లేదు.

మీ అల్లుడో కోడలో ఇటాలియన్ కావచ్చు, టీమ్‌లో ఒక ఇటాలియన్ ఉండొచ్చు, లేదా అక్కడ చదువుకుంటూ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కాలింగ్ బెల్లుల పక్కన వరసగా రాసి ఉన్న ఇంటిపేర్లు చూసి మీకే కుతూహలం పుట్టి ఉండొచ్చు. వెతికే పద్ధతి మాత్రం ఒకటే. నేను ఈ పద్ధతి తెలియకుండా నోరు జారినవాణ్ణి కాబట్టి ముందు అది చెబుతా. నేపుల్స్‌లో పనికి చేరిన కొత్తలో మా ఫ్లోర్‌లో ముగ్గురు ఎస్పోసితోలు ఉండేవాళ్ళు. లంచ్ దగ్గర చాలా తెలివిగా "మీ ముగ్గురూ చుట్టాలా?" అని అడిగా. ఇద్దరు నవ్వేశారు. మూడో ఆయన కాఫీ కలుపుకుంటూ "అయ్యుండొచ్చు, ఎవరికి తెలుసు" అన్నాడు. ఆ మాట వెనక ఎంత ఉందో నాకు అర్థం కావడానికి ఆర్నెల్లు పట్టింది. అందుకే ఈ పేరునే పట్టుకుని అడుగడుగునా వెళదాం, మీ దగ్గరున్న పేరుకు అదే వర్తింపజేసుకోండి.

ముందు స్పెల్లింగ్ ఖాయం చేసుకోండి

ఇది చిన్న పని అనిపిస్తుంది, కానీ ఇక్కడ తప్పితే మిగతాదంతా గాలికి పోతుంది. ఇటాలియన్‌లో ఒత్తక్షరం ఒకటి పోతే అది వేరే ఇంటిపేరు కావచ్చు. దె లూకా అన్నది రెండు ముక్కలుగా రాస్తారా, కలిపి రాస్తారా అన్నది కూడా చూసుకోవాలి, ఎందుకంటే రెండూ ఉన్నాయి, వేర్వేరుగా లెక్కపెడతారు. చివరి అచ్చు మీద చిన్న గీత ఉంటే అదీ వదలకండి, దక్షిణాది పేర్లలో అది ఎక్కువ.

ఉచ్చారణ విషయంలో మనకు ఒక సుఖం ఉంది. ఇంగ్లీషు మీదుగా వచ్చి మనం ఎస్పోసిటో అంటాం గానీ, వాళ్ళ తకారం మన త లాగే పళ్ళకు తగిలేది, కాబట్టి ఎస్పోసితో అంటే వాళ్ళ చెవికి ఇంపుగా ఉంటుంది. నొక్కు "పో" మీద పెట్టండి.

పేరు అమెరికా చుట్టం నుంచి వచ్చి ఉంటే ఇంకో జాగ్రత్త. "ఎల్లిస్ ఐలాండ్‌లో గుమాస్తాలు మా తాత పేరు మార్చేశారు" అని ప్రతి ఇటాలియన్ అమెరికన్ ఇంట్లోనూ ఒక కథ ఉంటుంది. 1892 నుంచి 1954 దాకా న్యూయార్క్ రేవులో వలసవాళ్ళను తనిఖీ చేసిన ఆ కేంద్రంలో గుమాస్తాలు కొత్తగా పేర్లు రాసుకునేవాళ్ళు కాదు, ఓడ బయల్దేరిన రేవులోనే తయారైన ప్రయాణికుల జాబితాతో సరిచూసేవాళ్ళు, అంతే. పేర్లు మారింది ఆ తర్వాత, బడిలో, ఫ్యాక్టరీలో, చాలాసార్లు వాళ్ళంతట వాళ్ళే మార్చుకున్నారు. రోస్సీ కాస్తా రాస్ అయింది, బియాంకి అంటే తెలుపు కాబట్టి వైట్ అయింది. అందుకని అమెరికా స్పెల్లింగ్‌తో ఇటలీలో వెతక్కండి, ఓడ జాబితాలో ఉన్నదే అసలు పేరుకు దగ్గర.

పేరు తోక చూసి ప్రాంతం అంచనా వేయండి

ఇటాలియన్ ఇంటిపేరు చివర చూసి ఊరు కాకపోయినా దిక్కు చెప్పొచ్చు. హల్లుతో ముగిస్తే, అంటే త్రెవిజాన్, పదోవాన్, ఫుర్లాన్, బెనెత్తోన్ లాంటివైతే, ఈశాన్యాన వెనీస్ చుట్టుపక్కల వెనెతో ప్రాంతం. మన బట్టల బ్రాండ్ బెనెట్టన్ ఆ ప్రాంతంలోని త్రెవీజో దగ్గరిదే. పీరాస్, మెలిస్, కోస్సు లాగా స్, ఉ లతో ముగిస్తే సార్దీనియా ద్వీపం. ముందు "లో" అని వేరే ముక్కగా ఉంటే, లో ప్రేస్తి లాగా, చాలావరకు సిసిలీ. "-ఎత్తి", "-ఇని", "-ఎల్లి", "-ఉచ్చి" ఇవన్నీ మనం "చిన్న", "బుల్లి" అని తగిలించినట్టు ముద్దుకో పొట్టికో తగిలించిన తోకలు. మోరెత్తి అంటే నల్లబ్బాయిల్లాంటి మాట. "దె", "ది" ముందుంటే ఎక్కువగా ఫలానావాడి కొడుకు అని.

మరి చివర ఈ ఇకారం ఎందుకు ఇంతగా ఉంటుందంటే, అది బహువచనం. రోస్సో ఒక ఎర్రవాడు, రోస్సీ ఎర్రవాళ్ళు. మన "వారు", "వాళ్ళు" లాగా కుటుంబం మొత్తాన్ని పిలిచే తీరు అనుకోండి. ఉత్తర, మధ్య ఇటలీలో ఈ బహువచనం ఎక్కువ, దక్షిణాన ఏకవచనం ఎక్కువ, అందుకే అక్కడ రోస్సీ, ఇక్కడ రుస్సో. దేశంలో అన్నిటికంటే ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు రోస్సీ, దాని వెనకే రుస్సో ఉంటుంది, అంటే ఎర్ర జుట్టో ఎర్ర గడ్డమో ఉన్న తాతల పేర్లే మొదటి రెండు స్థానాలూ కొట్టేశాయి.

తర్వాత మ్యాప్ తెరవండి, నిఘంటువు కాదు

చాలామంది అర్థం దగ్గర మొదలుపెడతారు. నా మాట విని మ్యాప్ దగ్గర మొదలుపెట్టండి. కోగ్నోమిక్స్ లాంటి సైట్లలో ఇంటిపేరు కొడితే ప్రాంతాలవారీగా, జిల్లాలవారీగా ఎక్కడ ఎంత ఉందో రంగుల్లో చూపిస్తుంది. ఆ అంకెలను మనుషుల లెక్క అనుకోకండి. ఇలాంటి మ్యాపులు చాలావరకు టెలిఫోన్ డైరెక్టరీల్లాంటి జాబితాల మీద కట్టినవి, అందులో ఇంటికి ఒక పేరే ఉంటుంది, ఫోన్ లేనివాళ్ళు ఉండరు. అంకె కంటే ఆకారం చూడండి. రంగు ఒకచోట ముద్దగా ఉందా, దేశమంతా చల్లినట్టుందా?

చల్లినట్టు ఉంటే ఆ పేరు చాలా చోట్ల విడివిడిగా పుట్టిందని అర్థం, రోస్సీ లాగా. ముద్దగా ఉంటే ఒకే ప్రాంతంలో పుట్టింది. ఎస్పోసితో కొట్టి చూడండి, నేపుల్స్ చుట్టూ కంపానియా ప్రాంతం ముదురు రంగులో మెరుస్తుంది. నేపుల్స్‌లో అదే నంబర్ వన్, దేశం మొత్తం మీద కూడా మొదటి ఐదింట్లో ఉంటుంది.

మోసపోయే చోటు ఒకటుంది. మిలాన్, తురీన్ దగ్గర కూడా దక్షిణాది పేర్లు దండిగా కనిపిస్తాయి. 1950లు, 60లలో ఫ్యాక్టరీ పనుల కోసం దక్షిణం నుంచి లక్షలమంది రైలెక్కి ఉత్తరానికి పోయారు, ఆ పేర్లన్నీ వాళ్ళవి. కాబట్టి మహానగరాలను పక్కనపెట్టి, చిన్న ఊళ్ళలో జనాభాతో పోల్చితే ఎక్కడ ఎక్కువుందో చూడండి. మిలాన్‌లోనైతే ఇప్పుడు చైనా నుంచి వచ్చిన హూ అనే ఇంటిపేరు కూడా బాగా ఎక్కువగా కనిపించేవాటిలో చేరిపోయింది, దాన్ని బట్టి హూ ఇటాలియన్ పేరు అంటామా?

ఇప్పుడు అర్థం: ఏ అరలో పడుతుందో చూడండి

ఇటాలియన్ ఇంటిపేర్లు దాదాపు అన్నీ కొన్ని అరల్లోనే సర్దుకుంటాయి. తండ్రి పేరు, వృత్తి, ఊరు, ఆకారమో అలవాటో చూసి పెట్టిన మారుపేరు. ఐదో అర గురించి తర్వాత.

తండ్రి పేరు అర పెద్దది, కాస్త విసుగ్గానూ ఉంటుంది. జొవాన్ని అనే ఒక్క పేరు నుంచే ది జొవాన్ని, జన్నీని, జనెత్తి, నాన్ని, వాన్నుచ్చి అని డజన్లకొద్దీ పుట్టాయి.

వృత్తి అరలో నాకు బాగా నచ్చేది కమ్మరి. ఉత్తరాన ఎమీలియా వైపు ఫెరారి, వాయవ్యాన పీద్‌మోంత్‌లో ఫెరెరో, దక్షిణాన ఫెర్రారో, వెనెతోలో ఫావరో, బొలోన్యా, ఫ్లోరెన్స్ వైపు ఫాబ్రి. అన్నీ కొలిమి ముందు కూర్చున్న మనిషే. అంటే పోస్టర్‌లో కనిపించే ఎర్ర కారు పేరూ, పెళ్ళి గిఫ్ట్‌లో వచ్చే బంగారు కాగితం చాక్లెట్ పేరూ ఒకటే ఇంటిపేరు, యాస తేడా. మొదెనాలో పుట్టిన ఎంజో ఫెరారి, పీద్‌మోంత్‌లోని ఆల్బాలో మిఠాయి కంపెనీ పెట్టిన ఫెరెరోలు, ఎవరి ప్రాంతపు రూపం వాళ్ళకే ఉంది, గమనించండి. ఇందుకే మ్యాప్ ముందు చూడమన్నది.

ఊరి పేర్ల దగ్గర అందరూ బోల్తా పడతారు. లొంబార్దో అంటే ఉత్తరాన మిలాన్ ఉన్న లొంబార్దీ వాడు కదా, కాబట్టి వీళ్ళది లొంబార్దీ అనుకుంటారు. సరే, కానీ లొంబార్దీలో అందరూ లొంబార్దీవాళ్ళే, అక్కడ ఆ పేరు పెట్టి ఎవణ్ణి గుర్తుపడతారు? ఆ పేరు పడేది వాడు సిసిలీకో ఇంకెక్కడికో పోయి స్థిరపడ్డాక. గ్రేకో, అంటే గ్రీకువాడు, ఉండేది దక్షిణ ఇటలీలో. మనకిది కొత్తేం కాదు, నండూరివాళ్ళను, వేమూరివాళ్ళను ఆ పేరుతో పిలిచింది వాళ్ళు ఆ ఊరు వదిలి వేరే ఊరు చేరాకే కదా.

మారుపేర్లలో సరదా ఉంది, కొంచెం క్రూరత్వమూ ఉంది. మాన్చీని ఎడమచేతివాళ్ళు, రిచ్చీ ఉంగరాల జుట్టువాళ్ళు, దక్షిణంలో అదే రిత్సో, గ్రాస్సో లావుపాటి మనిషి, గోబ్బి గూనివాళ్ళు, బెవిలాక్వా నీళ్ళు తాగేవాడు, అది నిజంగా మందు ముట్టనివాడికి పెట్టారో పొద్దస్తమానం తాగేవాణ్ణి వెక్కిరించారో ఆ ఊరివాళ్ళకే తెలియాలి. కోంతి అంటే కౌంట్లు, ప్రభువులు, కానీ ఆ పేరున్నవాళ్ళలో ఎక్కువమంది తాతలు ప్రభువు దగ్గర పనిచేసినవాళ్ళో, ప్రభువులా డాబు చేసినవాళ్ళో. అన్నట్టు, 15వ శతాబ్దంలో విజయనగరం చూసి వెళ్ళిన నికొలో దె కోంతి ఈ ఇంటిపేరువాడే, తెలుగును ప్రాచ్య దేశపు ఇటాలియన్ అన్నాడని మనం చెప్పుకునేదీ ఈయన గురించే.

అర్థం వెతికేటప్పుడు ఇప్పటి ఇటాలియన్ డిక్షనరీ ఒక్కటే పట్టుకోవద్దు. ఈ పేర్లు పుట్టినప్పుడు ఒక్కో ప్రాంతానిది ఒక్కో మాట. మరీనో అంటే సముద్రం అని టక్కున అనేస్తారు, చాలావరకు అది మరీనో అనే మనిషి పేరు.

ఐదో అర: తొట్టిల్లో వదిలిన పిల్లలు

ఎస్పోసితో ఇక్కడిది. లాటిన్‌లో ఎక్స్‌పోసితుస్, బయట పెట్టబడినవాడు. వదిలేసిన బిడ్డ.

నేపుల్స్ పాతబస్తీలో ఫోర్చెల్లా అనే పేట ఉంది, ఇరుకు సందులు, పైన ఆరేసిన బట్టలు. అక్కడే అనున్సియాతా చర్చి, దానికి అనుబంధంగా 14వ శతాబ్దం నుంచి ఉన్న అనాథశరణాలయం. వీధి వైపు గోడలో ఒక కన్నం, లోపల నిలువుగా తిరిగే చెక్క పీపా. తల్లి బయటి నుంచి బిడ్డను అందులో పెట్టి తిప్పి గంట కొట్టి వెళ్ళిపోతుంది, లోపల కాచుకుని ఉన్న ఆమె బిడ్డను తీసుకుంటుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూడరు. ఆ పీపాను రువోతా అంటారు, చక్రం. కన్నం చిన్నది, అది పసికందులకే అని లెక్క, కానీ కాస్త పెద్ద పిల్లలకు కూడా ఒంటికి నూనె రాసి దూర్చేవాళ్ళని అక్కడ చెప్పుకుంటారు. అదిప్పటికీ ఉంది, వెళితే చూడొచ్చు. నేను చూశా. అంచున చెక్క అరిగి నున్నగా ఉంది, ఫోటో తీయబుద్ధి కాలేదు.

లోపల రిజిస్టర్‌లో రాసేవాళ్ళు: ఏ రోజు, రాత్రి ఏ గంటకు, వయసు ఎంత ఉండొచ్చు, ఒంటి మీద ఏ గుడ్డ, మెడలో ఏదైనా ఉందా. తర్వాత ఒక సీసపు బిళ్ల కట్టి ఒక పేరు పెట్టేవాళ్ళు. ఇంటిపేరు కాలమ్ దగ్గర ఎస్పోసితో. ఇలా ఏడాదికేడాది, శతాబ్దాల తరబడి. బతికి బట్టకట్టినవాళ్ళు తక్కువే, కానీ బతికినవాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, పేరు దిగుతూ వచ్చింది. పేరు వినగానే పుట్టుక తెలిసిపోతోందని, నెపోలియన్ కూర్చోబెట్టిన మ్యురా నేపుల్స్ రాజుగా ఉన్న 1808–1815 మధ్యకాలంలో ఇకమీదట ఆ ఇంటిపేరు పెట్టకూడదన్నారు. చక్రాన్ని 1875లో మూసేశారు. అప్పటికే నగరమంతా ఎస్పోసితోలు.

ఇప్పుడు చెప్పండి, మా ఆఫీసులో ముగ్గురూ చుట్టాలా? ఒకే ఇంటిపేరున్న వేలమందికి ఒకరితో ఒకరికి రక్తసంబంధం లేకపోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. మీరు వెతుకుతున్నది ఏ పేరైనా ఈ విషయం గుర్తుంచుకోండి.

ఈ అరలోనే ఊరికో పేరు ఉంది కాబట్టి కాస్త ఆగి చూడండి. రోమ్‌లో ప్రోయెత్తి, అంటే విసిరివేయబడ్డవాళ్ళు. ఫ్లోరెన్స్‌లో ఇన్నోచెంతి, నోచెంతీని, అమాయకులు, ఎందుకంటే అక్కడి శరణాలయం పేరే ఇన్నోచెంతి, వాస్తుశిల్పి బ్రునెల్లెస్కి కట్టినది, 1445లో తలుపులు తెరిచింది. అక్కడి మ్యూజియంలో పిల్లల మెడలో దొరికిన సగం విరిచిన పతకాలు చిన్న చిన్న సొరుగుల్లో పెట్టి ఉంటాయి, మిగతా సగం తల్లి దగ్గర, ఎప్పుడైనా తిరిగి వస్తే గుర్తుపట్టడానికి. బొలోన్యాలో దెల్యి ఎస్పోస్తి. సిసిలీలో త్రోవాతో, అంటే దొరికినవాడు. మిలాన్‌లో కొలొంబో, పావురం, అక్కడి పెద్దాసుపత్రి చిహ్నం పావురం కాబట్టి. అయితే ప్రతి కొలొంబో అనాథ సంతతి కాదు, కొలొంబో అని మనిషి పేరు కూడా ఉండేది. మీ స్నేహితుడి ఇంటిపేరు ఇందులో ఏదైనా అయితే నాలాగా లంచ్ టేబుల్ దగ్గర బయటపెట్టకండి. కొందరు గర్వంగా చెప్పుకుంటారు, కొందరు చెప్పుకోరు. వాళ్ళు మొదలుపెట్టనివ్వండి.

అనుమానం తీరాలంటే కాగితం చూడాలి

మ్యాప్, అర్థం రెండూ ఊహకు దారి మాత్రమే చూపిస్తాయి, ఒక కుటుంబం సంగతి తేల్చేది రికార్డే. ఇటలీ ప్రభుత్వ ఆర్కైవులవాళ్ళు ఆన్‌తెనాతి అనే పోర్టల్ నడుపుతున్నారు, ఆ మాటకు అర్థం పూర్వీకులు అని. ఉచితం. జనన, వివాహ, మరణ రిజిస్టర్ల ఫోటోలు పేజీ పేజీ చూడొచ్చు. పేరు కొట్టి వెతికే సౌకర్యం కొంత భాగానికే ఉంది, మిగతాది జిల్లా, ఊరు, సంవత్సరం ఎంచుకుని తిప్పుకుంటూ పోవడమే. అందుకే ఊరి పేరు తెలియకుండా దిగొద్దు, కళ్ళు పోతాయి.

ఎంత వెనక్కి పోవచ్చంటే, నేపుల్స్ రాజ్యంలో 1809 నుంచి సర్కారు రిజిస్టర్లు ఉన్నాయి, సిసిలీలో 1820 నుంచి. ఉత్తరాన చాలా చోట్ల నెపోలియన్ పాలనలో మొదలైనవాటిని అతను పోగానే ఆపేసి, దేశం ఒకటయ్యాక 1866లో మళ్ళీ మొదలెట్టారు, వెనెతోలో, రోమ్‌లో 1871. అంతకు ముందుది కావాలంటే చర్చి పుస్తకాలే గతి. క్యాథలిక్ చర్చి పెద్దల త్రెంత్ మహాసభ 1563లో ప్రతి చర్చిలోనూ పెళ్ళిళ్ళ, బాప్తిస్మాల పుస్తకం పెట్టమంది, ఇంటిపేర్లు అటూఇటూ మారకుండా గట్టిపడింది కూడా దాదాపు అప్పటినుంచే.

చేతిరాత చూసి టెన్షన్ పడొద్దు, రెండు రోజుల్లో కళ్ళకు అలవాటవుతుంది. చాలావరకు ఏడాది పుస్తకం చివర సూచిక ఉంటుంది, ముందు అక్కడికి పోండి. తర్వాత ఈ మూడు తెలిస్తే సగం పని అయినట్టే.

ఒకటి, తండ్రి పేరు ముందు "ది" ఉంటే ఆయన బతికున్నాడు, "ఫూ" ఉంటే చనిపోయాడు. 1840లో పెళ్ళి కాగితంలో "ఫూ జ్యుసెప్పె" అని కనిపిస్తే ఆ తండ్రి మరణం 1840కి ముందు వెతకాలి. ఒక్క చిన్న మాట, పదేళ్ళ వెతుకులాట తప్పిస్తుంది.

రెండు, నెలల పేర్లు. 7 అంకె వేసి పక్కన "బ్రె" అని ఉంటే జులై కాదు, సెప్టెంబరు. 8 వేస్తే అక్టోబరు, 9 నవంబరు, రోమన్ పది వేస్తే డిసెంబరు. నేను ఇందులో రెండు నెలల తేడాతో ఒక వారం పోగొట్టుకున్నా. గుర్తుపెట్టుకోవడానికి మనకు సంస్కృతం ఉంది: సప్త, అష్ట, నవ, దశ, అవే సెప్తెమ్, ఒక్తో, నోవెమ్, దెకెమ్.

మూడు, తండ్రి పేరు ఉండాల్సిన చోట ఎన్.ఎన్. అని రెండు అక్షరాలు. లాటిన్‌లో పేరు తెలియదు అని. ఇది రిజిస్టర్లలో ఆగిపోలేదు, మనిషి జీవితాంతం ఉద్యోగం దరఖాస్తులో కూడా వెంటాడేది, రోజువారీ కాగితాల్లో తల్లిదండ్రుల పేర్లు రాయనక్కర్లేదని 1955లో చట్టం చేసేదాకా.

ఇటీవలి తరాల కాగితాలు పోర్టల్‌లో ఉండవు, వాటికి ఆ ఊరి కొమూనె, అంటే మునిసిపల్ ఆఫీసుకు రాయాలి. ఇటాలియన్‌లో నాలుగు వాక్యాలు, పేరు, పుట్టిన తేదీ, మీకు ఏమవుతారు, ఎందుకు కావాలి. పొడుగు ఉత్తరాలు రాస్తే జవాబు ఆలస్యమవుతుందని నా అనుభవం.

చివరిగా ఆడవాళ్ళ వైపు వెతికేవాళ్ళకు ఒక మంచి మాట. ఇటలీలో పెళ్ళయినా కాగితాల్లో ఆడవాళ్ళకు పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది, కాబట్టి అమ్మమ్మను ఆమె సొంత ఇంటిపేరు కిందే వెతకండి, మరణ రికార్డులో కూడా. పిల్లలకు మాత్రం తండ్రి పేరే వచ్చేది, 2022లో రాజ్యాంగ న్యాయస్థానం ఇద్దరి పేర్లూ పెట్టాలని, కాదనుకుంటే తల్లిదండ్రులు మాట్లాడుకుని ఒక్కటే పెట్టుకోవచ్చని తీర్పిచ్చింది. ఆ మూడో ఎస్పోసితో గారికి తర్వాత కూతురు పుట్టింది. వాళ్ళావిడ ఇంటిపేరు రుస్సో. ఇద్దరి పేర్లూ పెట్టారు, ఇప్పుడు వాళ్ళ బెల్ పక్కన చీటీలో జాగా చాలక రెండో పేరు పెన్నుతో కింద ఇరికించి రాశారు.